టమాటా నారులో బాక్టీరియా తెగుళ్లు: పేర్లు, గుర్తింపు, నియంత్రణ

వ్యాససంగ్రహం:

టమాటాకు వచ్చే ప్రధానమైన బాక్టీరియా తెగుళ్లలో మూడు విత్తనం ద్వారా నారుకు, నారు ద్వారా పొలానికి చేరుతాయి. పొలంలో ఒకసారి స్థిరపడిన తరువాత వీటిని పూర్తిగా నయంచేసే మందు లేదు. అందువల్ల పాలీహౌస్‌లో, షేడ్‌నెట్‌లో నారు పెరిగే మూడు నాలుగు వారాల కాలమే నియంత్రణకు అసలైన అవకాశం. ఈ అవకాశాన్ని జారవిడవడానికి సాంకేతిక కారణాలతో పాటు భాషాపరమైన కారణం కూడా ఒకటి ఉంది. తెలుగులో ‘తెగులు’ అన్న ఒక్క మాట శిలీంద్రానికీ, బాక్టీరియాకూ, వైరస్‌కూ సమానంగా వర్తిస్తుంది. ‘తెగులు మందు’ అన్న మాట ఈ మూడింటికీ ఒకే చికిత్స ఉందన్న భావనను కలిగిస్తుంది. నారులో కనిపించే బాక్టీరియా తెగుళ్ల లక్షణాలను, వ్యాప్తిని, నియంత్రణ పద్ధతులను వివరిస్తూ, వాటి పేర్లు రైతు నిర్ణయాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టమాటా, నారు, షేడ్‌నెట్, బాక్టీరియా, తెగులు, విత్తనశుద్ధి, రాగి మందులు, వ్యవసాయ పదజాలం.

1. ఉపోద్ఘాతం:

ఒక తరం క్రితం వరకు టమాటా నారును రైతు తన పొలంలోనే ఒక మూల మడి కట్టి పోసుకునేవాడు. సంకర విత్తనాల ధర పెరిగిన కొద్దీ ఆ పని వృత్తిగా నడిచే నర్సరీల చేతికి వెళ్లింది. దేశంలో పేరున్న టమాటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె పరిసరాలలోనూ, పొరుగున ఉన్న కర్ణాటకలోని కోలారు ప్రాంతంలోనూ ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. షేడ్‌నెట్ కింద, కొబ్బరిపీచు పొట్టు నింపిన ప్రోట్రేలలో, ఒక్కో గుంతలో ఒక్కో విత్తనం చొప్పున నారు పెంచుతారు. సాధారణంగా ఒక ట్రేకు 98 గుంతలు ఉంటాయి. 21 నుంచి 30 రోజుల మధ్య నారు నాటడానికి సిద్ధమవుతుంది.

ఈ పద్ధతి వల్ల మేలు ఎంతో ఉంది. విత్తనం వృథా కాదు. వేరు దెబ్బతినకుండా మొక్క పొలానికి చేరుతుంది. రసం పీల్చే పురుగుల నుంచి, అవి మోసుకొచ్చే వైరస్‌ల నుంచి వల కొంత రక్షణ ఇస్తుంది. అయితే ఇదే ఏర్పాటు బాక్టీరియాకు కూడా అనుకూలం. వెచ్చదనం, తేమ, ఒకదానికొకటి ఆనుకొని ఉన్న లేత ఆకులు, రోజుకు ఒకటి రెండు సార్లు పైనుంచి పడే నీటిజల్లు, ఇవన్నీ ఒకేచోట చేరాయి. పూర్వం ఒక రైతు నారుమడిలో తెగులు పుడితే నష్టం ఆ రైతుకే పరిమితమయ్యేది. ఇప్పుడు ఒక నర్సరీలో పుట్టిన తెగులు అక్కడ నారు కొన్న రైతులందరి పొలాలకూ ఏకకాలంలో వెళుతుంది.

మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత ఇక్కడ శాస్త్రార్థంలోనే నిజం. నారు దశలో ఆపలేని బాక్టీరియాను కాపు దశలో ఆపడం దాదాపు అసాధ్యం. ఈ సామెతను ఆచరణలో పెట్టాలంటే, ముందుగా నారులో ఉన్నది బాక్టీరియా అని గుర్తించాలి. తెలుగు రైతుకు, అతనికి సలహా చెప్పే వ్యాపారికి ఆ గుర్తింపు ఎందుకు కష్టమవుతున్నదో తెలియాలంటే, తెగుళ్లకు ఉన్న పేర్లతో చర్చను ప్రారంభించాలి.

2. ‘తెగులు’ అన్న పేరు చెప్పేది, చెప్పనిది:

పైరుకు కలిగే కీడును తెలుగు రైతు రెండుగా విభజిస్తాడు. కంటికి కనిపించే ప్రాణి వల్ల కలిగేది ‘పురుగు’. కంటికి కారణం కనిపించకుండా మొక్క పాడైతే అది ‘తెగులు’. సూక్ష్మదర్శిని లేని కాలంలో రూపొందిన ఈ విభజన పరిశీలనాపరంగా సరైనదే. పురుగును ఏరవచ్చు, తెగులును ఏరలేము అన్న ఆచరణాత్మకమైన భేదం ఇందులో ఉంది.

తెగుళ్లకు పెట్టిన పేర్లు కూడా కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి ఏర్పడినవే. వరి ఆకు మీద నిప్పు సోకినట్లు మచ్చలు వస్తే అగ్గితెగులు. మినుము ఆకు పసుపు పచ్చగా మారితే పల్లాకు తెగులు. నిమ్మకాయ మీద గరుకైన పొక్కులు వస్తే గజ్జితెగులు. నువ్వు మొక్కలో పూలకు బదులు చిన్న చిన్న ఆకులు గుబురుగా వస్తే వెర్రితెగులు. వీటిలో మొదటిదానికి కారణం శిలీంద్రం. రెండవదానికి వైరస్. మూడవదానికి బాక్టీరియా. నాల్గవదానికి ఫైటోప్లాస్మా. నాలుగు భిన్నమైన కారకాలు ఒకే ఉత్తరపదం కింద చేరాయి. పూర్వపదాలు చక్కని పోలికలే అయినా అవి రూపాన్ని మాత్రమే చెబుతాయి, కారణాన్ని చెప్పవు.

కొన్ని సందర్భాలలో పూర్వపదం కూడా భేదాన్ని చూపదు. శనగలో ‘ఎండు తెగులు’ శిలీంద్రం వల్ల కలుగుతుంది. వరిలో ‘ఎండాకు తెగులు’ బాక్టీరియా వల్ల కలుగుతుంది. టమాటాలో మొక్క వడలిపోతే దానికి ఫ్యుజేరియం అనే శిలీంద్రం కారణం కావచ్చు, రాల్‌స్టోనియా అనే బాక్టీరియా కారణం కావచ్చు. రెండూ వాడుకలో ‘వడలు తెగులు’ అనే పిలువబడతాయి. అందువల్లనే వ్యవసాయ శాఖల కరపత్రాలు, విశ్వవిద్యాలయాల ప్రచురణలు ‘బాక్టీరియా’ అన్న మాటను విశేషణంగా ముందు చేరుస్తున్నాయి. కాని దుకాణం దగ్గర జరిగే సంభాషణలో ఆ విశేషణం తరచుగా రాలిపోతుంది. “టమాటా నారుకు మచ్చ తెగులు వచ్చింది, మందు ఇవ్వండి” అన్న వాక్యంలో కారణానికి చోటు లేదు.

‘మందు’ అన్న మాటది కూడా ఇదే స్థితి. మనిషి జబ్బుకు ఇచ్చేదీ, పొలంలో చల్లే ఎరువూ, పురుగును చంపేదీ, తెగులును అడ్డుకునేదీ అన్నీ వాడుకలో మందులే. ఈ పదం వైద్యరంగం నుంచి ‘నయం కావడం’ అన్న అర్థఛాయను వెంట తెస్తుంది. బాక్టీరియా తెగుళ్ల మీద చల్లేవాటిలో చాలావరకు నయంచేసేవి కావు. కార్బెండజిమ్ వంటి శిలీంద్రనాశినికి బాక్టీరియా మీద ప్రభావం లేదు. మచ్చలు చూసి దానిని పిచికారీ చేసిన నర్సరీ యజమాని డబ్బుతో పాటు నాలుగైదు రోజుల విలువైన సమయాన్ని కూడా పోగొట్టుకుంటాడు. మూడు వారాల నారుకు అది చాలా పెద్ద వ్యవధి.

పేరుకూ కారణానికీ మధ్య ఇటువంటి దూరం తెలుగుకే పరిమితం కాదు. బాక్టీరియా మొక్కలకు తెగుళ్లు కలిగించగలదన్న విషయం మీద 19వ శతాబ్ది చివరలో శాస్త్రవేత్తల మధ్యనే తీవ్రమైన వాదం నడిచింది. అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1896లో టమాటా, వంగ, బంగాళదుంప మొక్కలను వడలిపోయేట్లు చేసే బాక్టీరియాను వర్ణించాడు. జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ అటువంటి నిరూపణలను అంగీకరించలేదు. స్మిత్ వర్ణించిన ఆ జీవి పేరు కూడా తరువాతి శతాబ్దంలో బాసిల్లస్ నుంచి సూడోమోనాస్‌గా, 1992లో బర్‌ఖోల్డేరియాగా, 1995లో రాల్‌స్టోనియాగా మారింది. శాస్త్రంలో అవగాహన మారినప్పుడు పేరు మారుతుంది. వాడుక భాషలో పేరు నిలిచి ఉంటుంది కనుక, దాని వెనుక ఉన్న అవగాహనను వివరణ ద్వారా చేర్చవలసి ఉంటుంది.

3. నారును ఆశించే ప్రధాన బాక్టీరియా తెగుళ్లు:

3.1 ఆకుమచ్చ తెగులు: దీనికి కారణం జాంథోమోనాస్ ప్రజాతికి చెందిన కొన్ని బాక్టీరియాలు. ఆకు మీద ముందుగా నీటిలో తడిసినట్లుండే చిన్న మచ్చలు ఏర్పడి, క్రమంగా గోధుమ, నలుపు రంగులకు మారుతాయి. మచ్చలు కలిసిపోయి ఆకు మాడినట్లవుతుంది. 24 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, తడి దీనికి అనుకూలం. కనుక వెచ్చని వానాకాలపు నారులో దీనిని ముందుగా అనుమానించాలి.

3.2 చుక్క తెగులు: సూడోమోనాస్ సిరింగే అనే బాక్టీరియాలోని టమాటాను ఆశించే రకం దీనికి కారణం. మచ్చలు మరింత చిన్నవి, నల్లనివి. వాటి చుట్టూ పసుపు వలయం ఏర్పడుతుంది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య చల్లని, తడి వాతావరణంలో ఇది విజృంభిస్తుంది. నారు దశలో ఆకులను మాత్రమే చూసి దీనిని ఆకుమచ్చ నుంచి వేరుచేయడం నిపుణులకు కూడా కష్టం. కాయ మీద భేదం తెలుస్తుంది. చుక్క తెగులు కాయ మీద సూదిమొనంత నల్లని చుక్కలుగా నిలుస్తుంది. ఆకుమచ్చ తెగులు పెద్దవైన గరుకు పొక్కులుగా మారుతుంది.

3.3 కాంకర్ తెగులు: క్లావిబాక్టర్ మిషిగనెన్సిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. 20వ శతాబ్ది తొలి దశకం చివర మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో గ్రీన్‌హౌస్ టమాటాల మీద దీనిని గుర్తించారు. ఆ రాష్ట్రం పేరే బాక్టీరియా పేరులో నిలిచింది. ఇది మొక్క లోపల నీటిని మోసే దారునాళాలలో పెరుగుతుంది. ఆకు అంచులు మాడడం, ఆకుకు ఒకవైపు మాత్రమే వడలడం, కాండం మీద చీలికలు, కాయ మీద తెల్లని వలయంలో గోధుమరంగు చుక్క దీని లక్షణాలు. నారు దశలో ఇది ఏ లక్షణమూ చూపకుండా ఉండిపోగలదు. ఆరోగ్యంగా కనిపించిన నారు నాటిన కొన్ని వారాలకు కూలిపోవడం ఈ తెగులులో సాధారణం.

3.4 వడలు తెగులు: ముందు చెప్పిన రాల్‌స్టోనియా దీనికి కారణం. ఆకులు పసుపు రంగుకు మారకుండా, పచ్చగా ఉండగానే మొక్క హఠాత్తుగా వాలిపోతుంది. మొదటి మూడింటికీ విత్తనం ముఖ్యమైన వాహకం. దీనికి మాత్రం నేల, నీరు ప్రధాన వాహకాలు. మట్టి వాడని ట్రేలలో ఇది తక్కువ. కాని ట్రేలను నేలమీద ఉంచినా, చెరువు నీటిని శుద్ధిచేయకుండా వాడినా నారుకు చేరగలదు.

4. షేడ్‌నెట్‌లో వ్యాప్తి:

శిలీంద్రాలలో అనేకం గాలిలో తేలిపోయే బీజాలను ఉత్పత్తి చేస్తాయి. పైన చెప్పిన బాక్టీరియాలకు అటువంటి బీజాలు లేవు. అవి నీటిబిందువు మీద, చేతి మీద, పరికరం మీద ప్రయాణం చేస్తాయి. ఆకు మీది పత్రరంధ్రాల ద్వారా, ఆకు అంచున నీరు ఊరే రంధ్రాల ద్వారా, విరిగిన నూగు ద్వారా, గాయాల ద్వారా లోపలికి ప్రవేశిస్తాయి. దీనిని గ్రహిస్తే నియంత్రణలో సగం పని అర్థమైనట్లే. నీరు ఎక్కడ చిందుతున్నది, చేయి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నది అన్న రెండు ప్రశ్నలకు నర్సరీలో సమాధానం ఉండాలి.

వ్యాప్తి పరిమాణాన్ని ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. కాంకర్ విషయంలో పదివేల విత్తనాలకు ఒకటి సోకినదైనా, పరిస్థితులు అనుకూలిస్తే పొలంలో తెగులు ప్రబలడానికి సరిపోతుందని పరిశోధకులు గుర్తించారు. 98 గుంతల ట్రేల లెక్కన పదివేల విత్తనాలకు సుమారు 102 ట్రేలు అవుతాయి. అంటే వంద ట్రేలలో ఎక్కడో ఒక గుంతలోని ఒక్క మొక్క. ఆ మొక్క మీద పడి చిందిన నీరు పక్క మొక్కలను తడుపుతుంది. రోజూ అదే జల్లు, అదే చేయి, అదే బల్ల. నారు బయటికి వెళ్లేనాటికి ఆ ఒక్క మొక్క ఒక్కటిగా ఉండదు.

5. గుర్తింపు:

నర్సరీలో చేయగలిగిన ప్రాథమిక పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడడం మొదటిది. బాక్టీరియా మచ్చ తొలిదశలో నూనె అంటినట్లు పారదర్శకంగా కనిపిస్తుంది. ఆల్టర్నేరియా అనే శిలీంద్రం వల్ల వచ్చే మచ్చలో ఒకదానిలో ఒకటిగా వలయాలు ఉంటాయి. బాక్టీరియా మచ్చలో అటువంటి వలయాలు ఉండవు, బూజు కూడా కనిపించదు.

వడలిన మొక్కకు గాజుగ్లాసు పరీక్ష ఉపయోగపడుతుంది. కాండాన్ని అడ్డంగా కోసి, కోసిన కొన తేటనీటిలో మునిగేటట్లు కదలకుండా వేలాడదీస్తే, రాల్‌స్టోనియా ఉన్నప్పుడు కొద్ది నిమిషాలలో పాలవంటి తెల్లని ధార దారంలా కిందికి దిగుతుంది. శిలీంద్రం వల్ల వడలిన మొక్కలో ఈ ధార కనిపించదు. ఖర్చు లేని ఈ పరీక్ష, ఒకే పేరు మోసే రెండు తెగుళ్లను వేరుచేసి చూపుతుంది.

నారుకుళ్లును కూడా బాక్టీరియా తెగులుతో కలపకూడదు. నారుకుళ్లులో నేలను తాకే చోట కాండం మెత్తబడి నొక్కుకుపోయి, మొలక పక్కకు ఒరుగుతుంది. ఆకు మచ్చలు దాని లక్షణం కాదు. దానికి పిథియం వంటి శిలీంద్రసదృశ జీవులు కారణం, దాని మందులు వేరు. ఎరువు మోతాదు మించినప్పుడు ఆకు అంచులు మాడడం కూడా కాంకర్ అన్న భ్రమ కలిగిస్తుంది. ఎరువు వల్ల కలిగిన మాడు సాధారణంగా ఆ నీరు పెట్టిన ట్రేలన్నింటిలోనూ ఒకే తీరుగా ఉంటుంది. తెగులు ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంది. సందేహం తీరనప్పుడు నమూనాను ప్రయోగశాలకు పంపడమే మార్గం.

6. నియంత్రణ పద్ధతులు:

6.1 విత్తనం: పరీక్షించి ధ్రువీకరించిన విత్తనాన్ని వాడడం మొదటి రక్షణ. శుద్ధి చేయని విత్తనానికి వేడినీటి చికిత్స చేయవచ్చు. టమాటాకు 50 డిగ్రీల సెల్సియస్ వద్ద 25 నిమిషాలు అన్నది ప్రామాణికమైన కొలత. ఆ తరువాత చల్లని నీటిలో ముంచి, పలుచగా పరచి ఆరబెట్టాలి. విత్తనం పైపొరతో పాటు లోపల దాగిన బాక్టీరియాను కూడా ఈ పద్ధతి తగ్గించగలదు. అయితే ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గితే బాక్టీరియా చావదు, కొద్దిగా పెరిగితే మొలక చస్తుంది. కనుక నమ్మదగిన ఉష్ణమాపకం తప్పనిసరి. పాత విత్తనానికి, పూత వేసిన విత్తనానికి ఈ చికిత్స తగదు. ఖరీదైన సంకర విత్తనానికి ముందుగా కొద్ది గింజల మీద ప్రయోగించి, మొలకశాతం చూసుకోవాలి. కంపెనీ ముందే శుద్ధి చేసిన విత్తనానికి మళ్లీ చేయనవసరం లేదు.

6.2 ట్రేలు, బల్లలు, నీరు: పాత ట్రేలలో మిగిలిన వేరు ముక్కలు, పొట్టు బాక్టీరియాకు ఆశ్రయాలు. బ్లీచ్ ద్రావణంలో ముంచే ముందు ట్రేలను బాగా కడగాలి. సేంద్రియ పదార్థం తగిలిన క్లోరిన్ శక్తిని కోల్పోతుంది. మురికి ట్రేను ముంచడం వల్ల ద్రావణం వృథా కావడమే తప్ప శుద్ధి జరగదు. చెక్కబల్లల పగుళ్లను శుద్ధిచేయడం కష్టం కనుక లోహపు బల్లలు మేలు. ట్రేలు నేలను తాకకూడదు. షేడ్‌నెట్ లోపలా చుట్టూ తనంతట తాను మొలిచిన టమాటా మొక్కలను, మిరప, వంగ కుటుంబపు కలుపును తొలగించాలి.

6.3 తడి నియంత్రణ: నీటిని ఉదయం పూట, ఆకులు త్వరగా ఆరిపోయే సమయంలో ఇవ్వాలి. సాయంత్రం తడిసిన ఆకు రాత్రంతా తడిగా ఉంటుంది. పెద్ద ధారగా పడే నీరు ఆకును గాయపరచి, దూరం చిందుతుంది. కింది నుంచి నీరు పీల్చుకునే ఏర్పాటు ఆకులను పొడిగా ఉంచుతుంది. కాని అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పితే వేరు ద్వారా వ్యాపించే బాక్టీరియాకు అది బాట అవుతుంది. పాలీహౌస్ కప్పు నుంచి రాలే మంచుబిందువులు కూడా జల్లువంటివే. గాలి ఆడేటట్లు పక్క తెరలను ఎత్తడం ఖర్చు లేని చికిత్స.

6.4 చేతులు, పరికరాలు: ఆకులు తడిగా ఉన్నప్పుడు నారును తాకకూడదు. ఏపుగా పెరిగిన నారు తలలను కత్తిరించడం గాయాన్నీ వ్యాప్తినీ ఒకేసారి కలిగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వరుసల నుంచి అనుమానం ఉన్న వరుసల వైపు పని సాగాలి, ఎదురుదిశలో కాదు. భిన్నమైన విత్తన సంచుల నుంచి వచ్చిన నారును వేరువేరు బల్లల మీద ఉంచి, ఏ ట్రే ఏ సంచి నుంచి వచ్చిందో రాసిపెట్టుకోవాలి. తెగులు బయటపడిన రోజున పారవేయవలసినవి పది ట్రేలో వంద ట్రేలో ఆ పుస్తకమే చెబుతుంది.

6.5 రాగి మందులు: ఫ్రాన్స్‌లో మిలార్డే 1885లో బోర్డో మిశ్రమాన్ని ద్రాక్ష బూజుతెగులు మీద ప్రకటించిన నాటి నుంచి రాగి వ్యవసాయంలో నిలిచింది. రాగి అయానులు శిలీంద్రాలను, బాక్టీరియాలను రెండింటినీ దెబ్బతీస్తాయి. ‘తెగులు మందు’ అన్న మాట కొంతవరకు సార్థకమయ్యేది ఈ ఒక్క చోటనే. అయినా రాగి ఆకు ఉపరితలం మీద కంచె మాత్రమే. లోపలికి చేరిన బాక్టీరియాను అది తాకలేదు. దారునాళాలలో పెరిగే కాంకర్, వడలు తెగుళ్లను నయం చేయలేదు. కనుక మచ్చలు విస్తరించిన తరువాత చల్లడం కన్న, ముప్పు ఉన్న కాలంలో ముందుగా చల్లడం ఫలితమిస్తుంది. రాగిని తట్టుకునే జాంథోమోనాస్ రకాలు అమెరికాలోని ఫ్లోరిడాలో 1980ల తొలినాళ్లలోనే బయటపడ్డాయి. మాంకోజెబ్‌తో కలిపితే రాగి అయానుల లభ్యత పెరిగి కొంత ఫలితం కనిపిస్తుంది. మోతాదు మించితే లేత నారు మాడుతుంది కనుక సీసా మీది సూచనను దాటకూడదు.

6.6 యాంటీబయాటిక్‌లు: రాగితో పాటు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమాన్ని పిచికారీ చేయడం తెలుగు ప్రాంతాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. స్ట్రెప్టోమైసిన్ మనుషుల క్షయవ్యాధికి వాడే మందు. దీనికి లొంగని టమాటా బాక్టీరియాలు ఫ్లోరిడాలో 1960ల తొలినాళ్లలోనే కనిపించాయి. పొలంలో పెరిగే నిరోధకత మనుషుల చికిత్సకు ముప్పు కాగలదన్న ఆందోళనతో ఈ మిశ్రమం వాడకాన్ని దశలవారీగా నిలిపివేయడానికి కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వును వెలువరించింది. ‘మందు’ అన్న పదం మనిషికీ మొక్కకూ ఒకటే కావడం ఇక్కడ భాషావిషయంగా మిగలదు. నిజంగానే ఒకే మందు రెండు చోట్ల వాడబడుతున్నది. ఒకచోట దుర్వినియోగమైతే రెండవచోట పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

6.7 జీవనియంత్రణ, నిరోధకత: తెలుగు రైతుకు ‘సూడోమోనాస్’ అంటే సంచిలో దొరికే మేలుచేసే పొడి. అది సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. చుక్క తెగులును కలిగించేది అదే ప్రజాతికి చెందిన మరొక జాతి. ప్రజాతి నామం మాత్రమే వాడుకలోకి రావడం వల్ల మిత్రునికీ శత్రువుకూ ఒకే పేరు మిగిలింది. కరపత్రాలలో జాతినామాన్ని కూడా రాస్తే ఈ చిక్కు తీరుతుంది. బాక్టీరియాను తినే వైరస్‌లైన ఫేజ్‌లను టమాటా, మిరప పైర్లపై వాడడానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2005లో అనుమతించింది.

నిరోధక రకాలు కొన్ని తెగుళ్లకే ఉన్నాయి. చుక్క తెగులుకు నిరోధకతనిచ్చే ‘పీటో’ జన్యువు అడవి టమాటా నుంచి వచ్చింది. శాస్త్రజ్ఞులు దానిని 1993లో వేరుచేశారు. దానిని అధిగమించే బాక్టీరియా రకాలు కూడా తరువాత విస్తరించాయి. వడలు తెగులుకు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ వంటి సంకరాలు తోడ్పడతాయి. నిరోధకత గల వంగ, టమాటా వేరుమూలాల మీద అంటుకట్టిన నారు మరొక మార్గం. అయితే అంటుకత్తి ఒక మొక్క రసాన్ని మరొక మొక్కకు చేరుస్తుంది. కాంకర్ సోకిన ఒక్క మొక్కను కోసిన కత్తి తరువాతి మొక్కలన్నింటికీ వాహకం కాగలదు. కత్తిని తరచుగా శుద్ధిచేయని చోట అంటునారు ఒక తెగులును తప్పించి మరొకదాన్ని తెచ్చిపెడుతుంది.

7. పారవేయవలసిన ట్రే:

పై పద్ధతులన్నీ పాటించినా ఏదో ఒక ట్రేలో మచ్చలు కనిపించే రోజు రావచ్చు. శాస్త్రం చెప్పేది స్పష్టం. బాక్టీరియా అని నిర్ధారణ అయితే ఆ ట్రేను, చుట్టూ ఉన్న ట్రేలను సంచిలో మూసి, షేడ్‌నెట్ బయటికి తీసుకుపోయి నాశనం చేయాలి. పక్కనే కుప్పగా పోయకూడదు. ఆ బల్లను, పనివారి చేతులను శుద్ధిచేయాలి. మిగిలిన నారును పంపకుండా కొన్నాళ్లు గమనించాలి.

ఈ సలహా చెప్పడం సులభం, పాటించడం కష్టం. ఇరవై రోజుల నారు మరో వారంలో అమ్ముడుపోతుంది. కొనుగోలుదారు అప్పటికే బయానా ఇచ్చి, పొలం దున్ని, మల్చింగ్ షీటు పరచి ఎదురుచూస్తుంటాడు. మచ్చలున్న నాలుగు ఆకులను గిల్లివేస్తే ట్రే ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఆ గిల్లే చేయే తెగులును పక్క ట్రేకు చేరుస్తుంది. నష్టం నర్సరీలో కనిపించదు. నెల తరువాత ఎక్కడో ఒక పొలంలో కనిపిస్తుంది. అప్పుడు రైతు వాననూ, నేలనూ, తన అదృష్టాన్నీ నిందిస్తాడు. నారును రక్షించడానికి వేసిన వల కింద నుంచే తెగులు వచ్చిందని ఊహించడు. కంచే చేను మేసిన తీరు ఇది.

ఇక్కడ పదజాలం మరొకసారి పాత్ర వహిస్తుంది. “కొంచెం మచ్చ తెగులు ఉంది, మందు కొడితే పోతుంది” అని చెప్పి అమ్మిన నారులో మోసం చేయాలన్న ఉద్దేశం ఉండకపోవచ్చు. శిలీంద్రపు మచ్చ విషయంలో ఆ వాక్యం చాలాసార్లు నిజమే. అదే వాక్యాన్ని బాక్టీరియా మచ్చకు అన్వయించినప్పుడు అది అబద్ధమవుతుంది. చెప్పినవాడికి ఆ భేదం తెలియదు, విన్నవాడికీ తెలియదు. వారిద్దరి భాషలో ఆ భేదానికి మాట లేకపోవడమే ఇందుకు కొంత కారణం.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

• టమాటా బాక్టీరియా తెగుళ్లలో ఆకుమచ్చ, చుక్క, కాంకర్ తెగుళ్లకు విత్తనం, నారు ప్రధాన వాహకాలు. వడలు తెగులుకు నేల, నీరు ప్రధాన వాహకాలు. ఈ భేదాన్ని బట్టి జాగ్రత్తలు మారాలి.

• ఈ బాక్టీరియాలు నీటిచిందు ద్వారా, చేతి ద్వారా వ్యాపిస్తాయి. కనుక నారుమడిలో నీరు పెట్టే వేళ, పని సాగే వరుస, ట్రేల శుద్ధి పిచికారీ కన్న ముఖ్యమైనవి.

• రాగి మందులు రక్షణ ఇస్తాయి, నయం చేయవు. యాంటీబయాటిక్‌ల మీద ఆధారపడడం మొక్కకు తాత్కాలికం, మనిషికి హానికరం.

• నిర్ధారణ అయిన ట్రేను పారవేయడమే మిగిలిన నారుకు చికిత్స. దీనికి ఏ ట్రే ఏ విత్తనం నుంచి వచ్చిందో తెలిపే నమోదు అవసరం.

• తెలుగులో తెగుళ్ల పేర్లు లక్షణాన్ని చెబుతాయి, కారకాన్ని చెప్పవు. ఈ పేర్లను తొలగించనవసరం లేదు. అవి రైతు చూపులోని సూక్ష్మతకు సాక్ష్యాలు. వాటి పక్కన కారకాన్ని తెలిపే మాటను స్థిరంగా వాడడం అవసరం. ‘శిలీంద్రపు మచ్చ’, ‘బాక్టీరియా మచ్చ’ అన్న జంటపదాలు పాఠ్యపుస్తకాలలో, కరపత్రాలలో, దుకాణాల రసీదులలో ఒకే తీరుగా నిలిస్తే, రైతు అడిగే ప్రశ్న మారుతుంది.

“మచ్చకు మందు ఇవ్వండి” అన్న రైతు “ఇది ఏ మచ్చ?” అని అడగగలిగిన రోజున, ఆ ప్రశ్నకు నర్సరీ యజమాని, వ్యాపారి, వ్యవసాయాధికారి సమాధానం వెతకవలసి వస్తుంది. సమాధానం వెతికే ఆ కొద్ది సమయంలోనే నారును కాపాడే అవకాశం ఉంది. వ్యవసాయ పదజాలం మీద పనిచేసే తెలుగు పరిశోధకులు, సస్యరోగ నిపుణులు కలిసి చేయవలసిన కృషి ఇది.